ఒకటో నంబరు షీటు

చెక్క చెంచాలు చేసే ఇంట్లో జానీ బాషా తిండికి చెంచా ముట్టక మూడో రోజు.

శనివారం మధ్యాహ్నం అలిగి పళ్లెం ముందు నుంచి లేచినవాడు సోమవారం పొద్దునకు కూడా దిగిరాలేదు. ఉదయగిరి బస్టాండు దగ్గర హోటల్లో పూటకు నాలుగు బోండాలు లాగిస్తున్నాడని పెళ్లాం బీబమ్మకు తెలుసు. తెలిసినట్టు మాత్రం కనబడనివ్వలేదు. అలిగిన మగవాడికి ఆ మాత్రం మర్యాద మిగల్చాలని నలభై అయిదేళ్ల కాపురం ఆమెకు నేర్పింది.

"నాష్టా పెట్టినా. మీ అబ్బాను రమ్మను," అంది కూతురితో, వసారాలోకి వినబడేటట్టు.

"నేను పిలిస్తే రాడమ్మీ. నా మీదే కదా అలక," అంది నుస్రత్, బ్యాగులో పుస్తకాలు సర్దుకుంటూ. ఏడింటి బస్సు అందుకుంటేనే ఆత్మకూరులో మొదటి క్లాసుకు చేరుతుంది.

వసారాలో చెంచాలకు వాడే నర్ది చెక్క మీద ఆకురాయి ఆడిస్తున్న జానీ బాషా చెయ్యి ఆగింది.

"అలిగేదానికి నేనేమన్నా కొత్త పెళ్లికొడుకునా?" అన్నాడు గోడతో. "ఊరంతా చెప్పుకున్నా. మసీదు కాడ చెప్పినా. బస్సు కండక్టర్లకు కూడా చెప్పినా. కోటు కుట్టించినా. ఇప్పుడు పోయి, నా కూతురు ఫారం సగం రాసి వదిలేసింది, ప్రైజు రాదంట అని చెప్పాలనా?"

కోటు మాట అబద్ధం కాదు. ఉదయగిరి ఎండలకు బనీను కూడా బరువే. అయినా నల్లటి కోటు కుట్టించి, మేకుకు తగిలించి, వచ్చిన గిరాకీలందరికీ చూపించాడు. యూనివర్సిటీ వాళ్లు ఈ ఏడాది ఇంజనీరింగ్ ప్రొఫెసర్లలో చదువు బాగా చెప్పేవాళ్లను, పిల్లలను చెయ్యి పట్టి ఒడ్డుకు చేర్చేవాళ్లను ఏరి సన్మానిస్తున్నారు. ఏరగా ఏరగా నలుగురు మిగిలారు. ఆ నలుగురిలో ఆత్మకూరు కాలేజీలో మెషీన్ డ్రాయింగ్ చెప్పే షేక్ నుస్రత్ ఒకతె. ఇంకో అడుగు వేస్తే ప్రైజు చేతికొస్తుంది. ఆ అడుగు వెయ్యనని కూర్చుంది ఆమె.

"అబ్బా, ఏడో గడిలో ఏమడిగినారో మళ్లీ చెప్తా విను," అంది నుస్రత్, గడపలోకి వచ్చి నిలబడి. "మీ సాయంతో గట్టెక్కిన విద్యార్థుల పేర్లు రాయమన్నారు. వాళ్లు ఎందుకు ఫెయిలైనారో రాయమన్నారు. రుజువులు పెట్టమన్నారు. వాళ్లిప్పుడు ఉద్యోగాలు చేస్తా ఉండారు. పెళ్లాం బిడ్డలతో ఉండారు. ఆ రోజు నా ముందర కూర్చోని ఏడ్చింది తెచ్చి నేను కాయితం మీద పెట్టాలనా?"

"మంచే కదా చేసినావు. చేసిన మంచి చెప్పుకుంటే తప్పేంది?"

"నేను చేసింది నేను చెప్పుకుంటా. వాళ్లు పడింది నేనెట్ల చెప్పేది?"

"పేర్లు మార్చి రాయి."

"రుజువులు అడిగినారు కదా. వాళ్లు చెడగొట్టిన డ్రాయింగు షీటు మీద పేరుంటాది."

"అయితే వాళ్లనే అడుగు. వద్దంటారా?"

"నేను అడిగితే ఎవురూ వద్దనరు అబ్బా. అందుకే అడగను."

జవాబు లేనప్పుడు జానీ బాషా గొంతు పెరుగుతుంది. "ఇంత చదివినావు, లోకం తెలియలా నీకు!" అని అరిచాడు.

నుస్రత్ తల ఎత్తి వసారా దూలం వైపు చూసింది. "ఆ మూటలో ఉండేటివి ఎవురెవురు చేసినారు అబ్బా? ఒక్క పేరు చెప్పు. చాలు, నేనిప్పుడే కూర్చోని ఏడో గడి నింపుతా."

దూలానికి పాత దుప్పటి గుడ్డలో కట్టిన మూట వేలాడుతోంది. జానీ బాషా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాళ్లూ పాడుచేసిన మొదటి చెంచా అందులో ఉంటుంది. కాడ విరిగినవి, గుంట చిల్లుపడినవి, ఎటు పట్టుకోవాలో తెలియనివి. చెడిన చెంచా ఉస్తాదుది, కుదిరిన చెంచా శిష్యుడిది అని ఆయన తాత చెప్పిన మాట. ఎవరు చెడగొట్టారో వాళ్లకే అది దించుకునే హక్కు. ఉస్తాదు అయినా సరే ఎవరిదేదో బయటపెట్టకూడదు. చెంచాల మేళాకు వచ్చిన పెద్ద ఆఫీసరు ఒకాయన ముచ్చటపడి అడిగితే కూడా జానీ బాషా ఆ మూట దించలేదు.

తండ్రి మళ్లీ ఆకురాయి అందుకున్నాడు. కూతురు బ్యాగు భుజాన వేసుకుంది.

"పోయొస్తా అబ్బా," అని మెట్లు దిగింది.

పిలుద్దామనుకున్నాడు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా అనుకుంటూనే ఉన్నాడు.

పదింటికి ఫోను మోగింది. నుస్రత్ డిపార్టుమెంటు పెద్ద కోటేశ్వర్. ఫారం పంపే బాధ్యత ఆయనది.

"బాషా గారూ, మేడమ్ నా మాట వినడంలేదు. సాయంత్రం అయిదుకు ఆన్‌లైన్‌లో మూసేస్తారు. ఏడో గడి ఖాళీ అంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. నా సర్వీసులో ఇట్లాంటి టీచర్ని నేను చూడలేదండీ. పాత స్టూడెంట్ల షీట్లు మీ ఇంట్లో దాచారంట కదా, ఒక్క నాలుగైదు దొరికినా చాలు..."

"నేను తెస్తా సార్," అన్నాడు జానీ బాషా. అని, తానే ఉలిక్కిపడ్డాడు.

లోపలి గదిలో నుస్రత్ రేకుపెట్టె ఉంది. కాలేజీలో పెడితే ఎవరో ఒకరు తీసి చూస్తారని ఇక్కడ ఉంచుకుంది. తాళం లేదు. ఈ ఇంట్లో తాళం అవసరమని ఎవరికీ తోచలేదు. ఆయన దాన్ని వసారాలోకి ఈడ్చుకొచ్చేసరికి బీబమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"అది నీది కాదు."

"నా కూతురిది."

"కూతురిది నీదైతే మొగుడిది నాది. ఆ మూట దించేదా?"

"బీబీ, అడ్డం లే. ఆ పిల్ల పేరు ఊరంతా వినపడాల. రేపు స్టేజీ మీద శాలువా కప్పేటప్పుడు నువ్వు కూడా చప్పట్లు కొడతావు."

"కొడతా," అంది బీబమ్మ పక్కకు జరుగుతూ. "ఆ బిడ్డ నీ మొహం చూస్తే కదా ఆ రోజు."

ఆ మాట గుచ్చుకున్నా ఆయన పెట్టె ఎత్తుకున్నాడు. మంకుపట్టులో ఆ ఇంట్లో తండ్రీకూతుళ్లు ఒకరికొకరు తీసిపోరు. తేడా ఒక్కటే, కూతురు ముందు ఆలోచించి తర్వాత పట్టు పడుతుంది.

బస్సు కలిగిరి మీదుగా చుట్టు తిరిగి పోయేది. కలిగిరిలో ఒక ముసలామె ఎక్కి, ఆయన పక్క సీట్లో కూలబడి, కాళ్లకు అడ్డంగా ఉన్న పెట్టె వైపు చూసింది.

"ఏంది సాయిబూ అందులో? చీరలా?"

మామూలుగా అయితే ఈ ప్రశ్న కోసం ఆయన కాచుకుని ఉంటాడు. వారం రోజులుగా ఈ దారిలో బస్సెక్కిన ప్రతివాళ్లకూ కూతురి కథ వినిపించాడు. ఇవాళ గొంతు కొంచెం తగ్గించి, "నా కూతురు కాయితాలు. ఆత్మకూరులో ఇంజనీరింగ్ ప్రొఫెసరు," అన్నాడు.

"నుస్రత్ మేడమా?" ఆమె చటుక్కున ఇటు తిరిగింది. "ఆయమ్మ నాయనవా నువ్వు? నేను తిరుపాలమ్మను. అనంతసాగరం పక్క. మా మాధవికి ఆయమ్మే చదువు చెప్పింది."

జానీ బాషా వెన్ను దానంతటదే నిటారయింది.

"సోమశిల నీళ్లల్లో వల ఏసుకోని బతికేటోళ్లం. రెండో సంవత్సరంలో నా బిడ్డ పెట్టె సర్దుకోని ఇంటికొచ్చేసింది. చదవనంటే చదవనని పడుకుండింది. మీ కూతురు షేరాటో ఎక్కి మా ఇంటికొచ్చింది. ఒక ఆదివారం కాదు సాయిబూ, నాలుగు ఆదివారాలు. గీసేదానికి బల్ల లేదంటే ఏం చేసిందో తెలుసునా? మా ఇంటి తలుపు ఊడబీకించింది! రెండు రాళ్లు ఏసి, దాని మీద తలుపు పెట్టి, కాయితం పరిచి, నా బిడ్డ చేత గీయించింది. నాలుగు వారాలు ఇంటికి తలుపు లేదు మాకు. కుక్కలొస్తా ఉంటే నేను కర్ర పట్టుకోని కూర్చుంటి."

తిరుపాలమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు మాధవి కాలవ గేట్ల కాడ ఇంజనీరు. ఆ తలుపు అట్లనే ఉంచుకున్నాం. సున్నం కూడా ఎయ్యనీయదు."

జానీ బాషాకు ఛాతీ నిండిపోయింది. ఇది కదా ఏడో గడిలో రాయాల్సింది! కోటేశ్వర్ సారు ఇది వింటే లేచి నిలబడతాడు.

"అయితే అమ్మా, నీ బిడ్డ అప్పుడు చదువెందుకు మానుకుంది?"

తిరుపాలమ్మ కిటికీలోంచి బయటికి చూసి, కొంగు సర్దుకుంది.

"అది నాకు కూడా చెప్పలా. మేడమ్‌కు తెలుసు. నేను కాళ్లావేళ్లా పడి అడిగినా. నీ బిడ్డ చెప్పుకునే మాట అమ్మా, నేను చెప్పకూడదు అనింది. అప్పుడు కోపమొచ్చింది నాకు. ఇప్పుడు అనిపిస్తాది, ఆయమ్మ చెప్పేసుంటే నా బిడ్డ మళ్లా ఆ కాలేజీ గడప తొక్కేదా?"

జానీ బాషా పెట్టెను కాళ్ల మధ్యకు లాక్కుని, ఆత్మకూరు వచ్చేదాకా పట్టుకునే కూర్చున్నాడు.

బస్టాండులో దిగాడు. కాలేజీ వైపు పోయే ఆటోలు పిలుస్తున్నాయి. పోలేదు. సిమెంటు బెంచీ మీద కూర్చుని పెట్టె పక్కన పెట్టుకున్నాడు. మనసు రెండుగా చీలినవాడు ముందు తనకు తోడు ఒక సాకు వెతుక్కుంటాడు. ఆయనకూ ఒకటి దొరికింది. అన్నీ ఎందుకు, ఒక్కటి చూద్దాం. చూసి, మంచిదైతే ఇద్దాం, లేకపోతే లేదు.

మూత ఎత్తాడు. వందల కొద్దీ కాగితాలు, చుట్టచుట్టి దారంతో కట్టినవి. పైకి ఒక్కదాని మీద కూడా పేరు కనబడదు. ప్రతి దారానికీ చిన్న అట్టముక్క, దాని మీద నంబరు. అడుగున ఒక మూల, మిగతావాటికంటే సన్నగా, పసుపు తిరిగిన కాగితం. నంబరు ఒకటి.

మొదటి శిష్యుడన్న మాట, అనుకున్నాడు. వాడైతే ఇప్పటికి పెద్ద హోదాలో ఉండి ఉంటాడు, ఏమీ అనుకోడు. దారం విప్పాడు.

రూళ్ల కాగితం. నోటు పుస్తకంలోంచి చింపింది. మొదటి వరుసలో ఒక అక్షరం, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. రెండో వరుసలో అదే అక్షరం, కాళ్లు పైకి. మూడో వరుసలో కలం గుచ్చుకుని కాగితం చిరిగింది. దాని కింద, కోపంగా, పేజీ సగం ఆక్రమించుకుని, ఒక చెంచా బొమ్మ. వంపు తప్పని, గుంట తప్పని చెంచా.

అది తన చెయ్యే.

ఇరవై ఆరేళ్ల కిందటి మాట. పట్నం షాపు నుంచి చీటీ వచ్చింది, గరిటెలు ఎంత పొడుగుండాలో అందులో రాశారు. జానీ బాషా అందరి ముందు చీటీని ఎగాదిగా చూసి, తల ఊపి, జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు చదువు రాదని ఊళ్లో ఎవరికీ తెలియదు, పెళ్లాంతో సహా. హోటల్లో రోజూ పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, పక్కవాడు చదివింది విని, దాని మీద గట్టిగా అభిప్రాయాలు చెప్పేవాడు. గరిటెలన్నీ జానెడు పొడుగు ఎక్కువై తిరిగొచ్చాయి. పనివాళ్లంతా చుట్టూ నిలబడ్డారు. తొమ్మిదో క్లాసు చదివే నుస్రత్ చీటీ తీసుకుని చదివింది. గరిటెల వైపు చూసింది. తండ్రి మొహం వైపు చూసింది.

"చీటీలో తప్పు రాసినారు అబ్బా," అంది అందరికీ వినబడేటట్టు.

మర్నాడు తెల్లవారుజామున, ఇల్లు లేవకముందే, నోటు పుస్తకం పట్టుకుని వసారాలో ఆయన పక్కన కూర్చుంది. ఎందుకు, ఏమిటి అనలేదు. మొదటి రోజే ఆయన కలం విసిరికొట్టాడు. "ఇది నా చేత కాదు, నాకు వచ్చింది ఇదీ" అని కోపంగా చెంచా గీశాడు. ఆ పిల్ల బొమ్మను తిప్పి తిప్పి చూసింది. "ఇంత వంపు గీసే చెయ్యికి ఆ వంపు ఎందుకు రాదు అబ్బా? అక్షరం కూడా గీతే కదా. మళ్లీ గీయి," అంది.

నాలుగు నెలలకు పేపరు చదివాడు. ఎవరి సాయమూ లేకుండా, తలకిందులుగా పట్టుకోకుండా. ఆ కాగితం ఏమైందో మళ్లీ అడగలేదు. పొయ్యిలో పోయి ఉంటుందనుకున్నాడు.

పోలేదు. ఒకటో నంబరు కట్టి దాచింది. ఆమె దగ్గర తప్పిన మొదటి విద్యార్థి, ఆమె గట్టెక్కించిన మొదటి విద్యార్థి, బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఏడుస్తున్నాడు. తాను ఊరూరా చెప్పుకున్న గొప్పంతా ఏమంత గొప్ప కాదని, అసలు గొప్ప ఇరవై ఆరేళ్లు తన ఇంట్లోనే నోరు మూసుకుని ఉందని అప్పుడు తెలిసింది. ఇంత గర్వం ఆయన ఎన్నడూ పడలేదు. ఇంత సిగ్గూ పడలేదు.

మూడు బస్సులు వచ్చి పోయాయి. నాలుగున్నరకు జానీ బాషా కోటేశ్వర్ గదిలో ఉన్నాడు.

"సమయానికి వచ్చారు, కూర్చోండి," అన్నాడు కోటేశ్వర్, పెట్టె వైపు చెయ్యి చాస్తూ. "ఏవి తీద్దాం?"

జానీ బాషా మూత మీద అరచెయ్యి పెట్టాడు. "అందులోవి తీసేదానికి నాకు హక్కు లేదు సార్. మీకూ లేదు."

"మరి ఎందుకు తెచ్చారండీ ఇంత దూరం?"

"తప్పు చేసినాను. తెచ్చినాక తెలిసింది." జేబులోంచి పసుపు కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఉదయగిరిలో నలభై మందికి పని నేర్పిన ఉస్తాదు, తన చెడిన చెంచాను తానే దించి పరాయివాడి ముందు పెట్టాడు. "నేను దించదగింది ఇదొక్కటే. ఇది నాది. ఇరవై ఆరేళ్ల కింద నాకు చదువు రాదు సార్. వచ్చినట్టు నటించినా. పదిహేనేళ్ల బిడ్డ కనిపెట్టి, ఒకరి చెవిన పడకుండా నేర్పింది. ఏడో గడిలో నా పేరు రాయండి. ఎందుకు ఫెయిలైనాడు అంటే, పొగరు అని రాయండి."

కోటేశ్వర్ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. తిరగబడిన అక్షరం మీద, చెంచా మీద ఆయన చూపు అటూ ఇటూ నడిచింది. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగి ఏడో గడి కింది సూచనలు మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"విద్యార్థి అనే ఉంది," అన్నాడు మెల్లగా. "ఈ కాలేజీ విద్యార్థే అయ్యుండాలని ఎక్కడా లేదు. కమిటీ ఒప్పుకుంటుందో లేదో నేను చెప్పలేను బాషా గారూ. మీ సంగతి మాత్రం అందరికీ తెలిసిపోతుంది."

"తెలియనీండి."

అప్పుడు తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. నుస్రత్ నిలబడి ఉంది. చేతికి సుద్ద ముక్క పొడి, కళ్లు రేకుపెట్టె మీద. ఎప్పటినుంచి నిలబడి ఉందో ఇద్దరికీ తెలియదు.

"ఎన్ని విప్పినావు అబ్బా?" ఆమె గొంతు ఇంత చల్లగా ఉండగా ఆయన ఎన్నడూ వినలేదు.

"ఒకటే."

"ఎవురిది?"

ఆయన బల్ల వైపు చూపించాడు. నుస్రత్ రెండడుగులు వేసి చూసింది. కాగితాన్ని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మేడమ్," అన్నాడు కోటేశ్వర్, "అయిదుకు ఇంకా పదకొండు నిమిషాలున్నాయి. ఇది పెట్టి పంపమంటారా?"

ఆమె తండ్రి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఇంకా పోలేదు. పెట్టె తెచ్చినందుకు లెక్క తర్వాత తేలుతుందని కూడా ఉంది.

"అది నేను చెప్పేది కాదు సార్," అంది. "షీటు ఆయనది. ఆయన్నే అడగండి."

జానీ బాషా కళ్లు తుడుచుకుని, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, బల్ల మీది కలం అందుకున్నాడు.

"సంతకం ఎక్కడ పెట్టాల సార్?"